పాచిక దొర్లడానికి ఒక చెక్క పళ్లెం

పాచికల ట్రే అంటే నాలుగు వైపులా గానీ ఆరు వైపులా గానీ పొట్టి గోడలుండి, అడుగున ఉన్ని గుడ్డో తోలో పరచిన చిన్న చెక్క పళ్లెం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల్లో విసిరిన పాచికలు కిందపడి మూలలకు దొర్లిపోకుండా, బల్ల మీద పేర్చిన బొమ్మలను పడగొట్టకుండా, బల్లకు గాట్లు పెట్టకుండా ఆపడమే దాని పని అని పైకి అనిపిస్తుంది. నిజానికి అది ఒకదానితో ఒకటి పొసగని రెండు పనులు చేయాలి. పాచిక వేగాన్ని త్వరగా మింగి దాన్ని నిలపాలి. అయినా నిలిచేలోపు ఆ పాచిక తగినన్ని పల్టీలు కొట్టి, ఏ ముఖం పైకి వస్తుందో విసిరిన చేతికి కూడా అంతుపట్టని స్థితికి చేరాలి. దీనికి తోడు, కలప చెట్టును వదిలి ఎన్నేళ్లయినా గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ, కుంచించుకుపోతూనే ఉంటుంది గనుక, ఒక ఊరిలో చేసి మరొక దేశంలో ఉన్నవారికి కానుకగా పంపే ట్రేకు ఆ కదలిక పెద్ద పరీక్ష అవుతుంది. ఈ సంగతులను ముందే లెక్కవేసుకుని పని మొదలుపెట్టినప్పుడే మంచి ట్రే తయారవుతుంది. నగిషీ, మెరుగు ఆ తరువాతి మాటలు.

జూదంలోనైనా వినోదంలోనైనా మనిషికి పాచికతో ఉన్న పరిచయం చాలా పాతది. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన మట్టి పాచికలు ఆరు ముఖాల ఘనాలే గానీ, వాటిలో ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, అయిదుకు ఎదురుగా ఆరు ఉండే అమరిక కనిపిస్తుంది; ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు కావాలన్న నేటి నియమం వాటికి లేదు. ఋగ్వేదం పదో మండలంలోని జూదరి సూక్తంలో ప్రస్తావించిన పాచికలు విభీదక వృక్షపు కాయలు, అంటే త్రిఫలాల్లో ఒకటిగా తెలుగువారికి తెలిసిన తానికాయలు. పాచిక ఎక్కడ పడాలి, ఎలా పడాలి అన్న ఆలోచన కూడా అంతే శ్రద్ధగా సాగింది. జర్మనీలోని వెట్‌వైస్-ఫ్రాయిట్స్‌హైమ్ దగ్గర 1985లో బయటపడిన, క్రీస్తుశకం నాలుగో శతాబ్దానికి చెందిన రోమన్ పాచికల బురుజు ఇందుకు చక్కని నిదర్శనం. రాగి మిశ్రమంతో చేసిన ఆ చిన్న బురుజు పైనుంచి పాచికను వేస్తే, అది లోపలి వాలు పలకలకు తగిలి దిశ మార్చుకుంటూ కిందికి దిగి, చిన్న మెట్ల మీదుగా బయటికి దొర్లి వస్తుంది. విసరడంలోని చేతివాటాన్ని అడ్డుకోవాలన్న పట్టుదల దాని నిర్మాణంలో స్పష్టంగా ఉంది. నేటి క్యాసినోల్లో క్రాప్స్ ఆడే బల్లకు అవతలి గోడ పొడవునా రబ్బరుతో చేసిన చిన్న చిన్న పిరమిడ్లు అంటించి, విసిరిన పాచికలు ఆ గోడకు తగిలి తీరాలని నియమం పెట్టడం కూడా అందుకే.

ఇప్పుడు ఇళ్లలో కనిపించే చెక్క ట్రేకు ఆదరణ తెచ్చినది మాత్రం జూదం కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా అమెరికాలో 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథాభినయ క్రీడ, ఆరు ముఖాల పాచికతో పాటు నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలను కూడా ఇళ్లలోకి తెచ్చింది. పది ముఖాల పాచిక కొంత కాలానికి వీటితో చేరింది. ఆటగాళ్లు ఒక్కొక్క పాత్రను ధరించి కథను నడిపిస్తుంటే, ఆ పాత్ర తలపెట్టిన పని నెరవేరిందా లేదా అనేది చాలా సందర్భాల్లో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గంటల తరబడి సాగే అటువంటి ఆటలో పాచిక బల్ల దిగి పోతే కథ తెగిపోతుంది. అందుకే ఆ ఆటను ప్రేమించేవారికి ఇవ్వదగిన కానుకల్లో చేతితో చేసిన ట్రే ఒకటిగా స్థిరపడింది.

పాచికలన్నీ ఒకే తీరుగా దొర్లవు. చదునైన నేల మీద నిలిచిన పాచిక పక్క ముఖం మీదికి తిరగాలంటే, దాని గురుత్వ కేంద్రం, అంటే బరువంతా ఒకచోట చేరినట్లు లెక్కించదగిన బిందువు, ముందు ఒక అంచు మీదుగా పైకి లేచి ఆ తరువాత దిగాలి. ఘనాకారపు పాచికలో ఆ బిందువు నిలకడగా ఉన్నప్పుడు భుజంలో సగం ఎత్తున ఉంటుంది. అంచు మీద నిలిచిన క్షణంలో భుజానికి 0.707 వంతు ఎత్తుకు చేరుతుంది. అంటే ప్రతి పల్టీకీ అది తన మామూలు ఎత్తు కంటే 41 శాతం పైకి లేవాలి. నాలుగు ముఖాల పాచికలో ఈ పెరుగుదల 73 శాతం, ఎనిమిది ముఖాల దానిలో దాదాపు 22 శాతం, పన్నెండు ముఖాల దానిలో 18 శాతానికి దగ్గర. ఇరవై ముఖాల పాచికలో మాత్రం అది కేవలం 7 శాతం. కాబట్టి నాలుగు ముఖాల పాచిక పడిన చోటే చతికిలబడుతుంది; ఇరవై ముఖాలది దాదాపు గోళంలా, కొద్దిపాటి వేగం మిగిలి ఉన్నా ముందుకు సాగుతూనే ఉంటుంది. ట్రేకు గోడలు అవసరమైనది ప్రధానంగా దీని కోసం. ట్రే లోపలి వెడల్పు ఎంత ఉండాలో, అడుగు ఎంత గరుకుగా ఉండాలో నిర్ణయించేది కూడా ఇదే.

పాచిక యాదృచ్ఛికత, అంటే ఏ ఫలితానికీ పక్షపాతం లేకుండా రాగల గుణం, రెండు చోట్ల దెబ్బతినవచ్చు. మొదటిది పాచిక తయారీలో. ఆంగ్ల జీవశాస్త్రవేత్త వెల్డన్ 1894లో పన్నెండు పాచికలను ఒకేసారి విసురుతూ 26,306 విసుర్ల ఫలితాలను నమోదు చేసి ఫ్రాన్సిస్ గాల్టన్‌కు తెలియజేశాడు. మొత్తం 3,15,672 ఫలితాల్లో అయిదు గానీ ఆరు గానీ 1,06,602 సార్లు వచ్చింది. సరిగ్గా మూడో వంతు అంటే 1,05,224 కాబట్టి తేడా చిన్నదే గానీ, అన్ని విసుర్ల తరువాత అది కాకతాళీయం అనదగినంత చిన్నది కాదు. అటువంటి తేడాను తూచే పద్ధతిగా కార్ల్ పియర్సన్ 1900లో ప్రతిపాదించిన కై-వర్గ పరీక్ష ఈ లెక్కలనే ఉదాహరణగా తీసుకుంది. చుక్కల కోసం తొలిచిన గుంటలు ఆరు ముఖం మీద ఎక్కువ, దాని ఎదుటి ఒకటి మీద తక్కువ కావడంతో ఆరు వైపు రవంత తేలికై పైకి వస్తుందని చాలాకాలం భావించారు. షికాగో విశ్వవిద్యాలయంలో జకరయ్య లాబీ 2009లో యంత్రం, కెమెరా సాయంతో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ఒకటి, ఆరు రెండూ కొంచెం ఎక్కువగా వచ్చాయి. ఆ రెండు ముఖాల మధ్య దూరం మిగిలిన జతల మధ్య దూరం కంటే స్వల్పంగా తక్కువగా ఉండటంతో దీనికి వివరణ దొరికింది. బిళ్ల ఎప్పుడూ తన వెడల్పాటి ముఖాల మీద పడటానికే మొగ్గుతుంది కదా.

రెండోది, ట్రేకు నేరుగా సంబంధించినది, పాచిక పడే తీరు. పోలండ్‌కు చెందిన కపితానియాక్, ఆయన సహచరులు 2012లో పాచిక విసురును మూడు పరిమాణాల్లో గణించి చూసి, విసిరేటప్పుడు అడుగున ఉన్న ముఖం మీదే పాచిక నిలిచే అవకాశం మిగిలిన ముఖాల కంటే కొంత ఎక్కువని, అయితే పాచిక నేలకు తగిలి ఎగిరే సార్లు పెరిగేకొద్దీ ఈ మొగ్గు కరిగిపోతుందని చూపారు. కారణం ఊహించదగినదే. ప్రతి తాకిడిలోనూ పాచిక మూలతో పడుతుందా, అంచుతో పడుతుందా, ఏ కోణంలో పడుతుంది అన్న అతి చిన్న తేడా తరువాతి గెంతులో పెద్ద తేడాగా మారుతుంది. నాలుగైదు గెంతులు దాటితే, మొదట చేతిలో పాచిక ఏ తీరుగా ఉన్నదో తెలిసినా చివరి ఫలితాన్ని చెప్పడం ఆచరణలో అసాధ్యం. దీన్ని బట్టి చూస్తే, సద్దు రాకుండా ఉండాలని అడుగున దళసరి స్పాంజిని పరిచే ట్రేలు తమ అసలు పనిని చెడగొడుతున్నట్లే లెక్క. అందులో పాచిక గెంతదు, దొర్లదు, పడిన చోటే కూరుకుపోతుంది. యాదృచ్ఛికతలో ఎక్కువ భాగం విసిరినవారి చేతిలోనే ఉండిపోతుంది.

ఈ రెంటి మధ్య సమతూకం ఎక్కడుందో తెలియడానికి ప్రత్యావస్థాన గుణకం అనే కొలత ఉపకరిస్తుంది. నేలను తాకిన తరువాతి వేగాన్ని తాకక ముందటి వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఎగిరే ఎత్తు ఈ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడిచిన పాచిక, ఈ గుణకం 0.6 ఉన్న గట్టి చెక్క మీద 7 సెంటీమీటర్ల పైచిలుకు ఎగురుతుంది; 0.3 ఉన్న గుడ్డ మీద 2 సెంటీమీటర్లకు కూడా చేరదు. గుణకం సగమైతే ఎత్తు నాలుగో వంతు అవుతుందన్న ఈ లెక్క వల్లనే పలుచని గుడ్డ పొర కూడా అంత పెద్ద మార్పు తెస్తుంది. గోడ ఎత్తుకు కూడా ఆధారం ఇదే. పాచిక గిరగిరా తిరుగుతూ మూలతో తగిలినప్పుడు ఆ తిరుగుడు శక్తి కొంత పైకి ఎగరడంలోకి మారుతుంది కనుక, లెక్కలో వచ్చిన ఎత్తుకు రెట్టింపుకు పైగా వదలాలి; గుడ్డ పరచిన ట్రేకు 4 నుంచి 5 సెంటీమీటర్ల గోడ, 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపలి వెడల్పు సరిపోతాయి.

అడుగున పరిచే గుడ్డల్లో ఉన్ని ఫెల్ట్ మేలైనది. మగ్గం మీద నేయకుండా, ఉన్ని పోగులను తేమతో, వేడితో, ఒత్తిడితో ఒకదానిలో ఒకటి చిక్కుపడేలా చేసి తయారుచేసే గుడ్డ ఇది. పాచిక తాకినప్పుడు అసంఖ్యాకమైన ఆ పోగులు ఒకదాని మీద ఒకటి రాసుకుని, గెంతడానికి పోవలసిన శక్తిలో చాలా భాగాన్ని కొద్దిపాటి వేడిగా మారుస్తాయి. దీనికి మరొక గుణం కూడా ఉంది. నున్నగా మెరుగుపెట్టిన చెక్క మీద పాచిక తిరగకుండానే జారుకుంటూ పోగలదు. ఫెల్ట్ దాని అంచును పట్టి ఆపుతుంది కాబట్టి జారుడు దొర్లుడుగా మారుతుంది. అంటే 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఫెల్ట్ గెంతులను తగ్గించినా పల్టీలను పూర్తిగా పోగొట్టదు. గోడల లోపలి వైపు మాత్రం గుడ్డ లేకుండా గట్టి చెక్కగానే వదలడం ఉత్తమం. అడుగు మెత్తగా, గోడ గట్టిగా ఉన్నప్పుడు పాచిక గోడకు తగిలి వెనక్కి మళ్లి మరి రెండు మూడు పల్టీలు కొట్టగలుగుతుంది. చాలా ట్రేల్లో అందం కోసం ఫెల్ట్‌ను గోడల మీదికి కూడా వంచి అంటిస్తారు. అప్పుడు గోడ మొదట్లో గుడ్డ వంపు తిరిగి, పాచిక ఆ వంపులో ఒరిగి నిలిచి, ఏ ముఖం పైకి ఉన్నదో తేలని పరిస్థితి తరచుగా వస్తుంది. గుడ్డను గోడ వరకు సూటిగా, ముడత లేకుండా కోసి ఆపితే ఈ తగాదా ఉండదు.

ఇక చప్పుడు సంగతి. బొబ్బిలి వీణను చేసేవారు ఒకే పనస దుంగను తొలిచి, దాని గోడలు తీగ కదలికకు స్పందించి మోగేలా పలుచన చేస్తారు. ట్రే చేసేవారు కోరవలసినది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చుట్టూ చట్రంలో బిగించిన పలుచని ప్లైవుడ్ పలక డప్పు చర్మంలా కంపిస్తుంది. అంతకంటే మందపు పలకను వాడినా, దాని అడుగున బెండు పొర ఒకటి అంటించినా ఆ కంపనం వెంటనే అణగిపోతుంది. లోహపు పాచికలు వాడేవారికి ఇచ్చే ట్రేలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

కలప ఎంపికలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు సొంత సంపద ఉంది గానీ, బొమ్మల కలపంతా ట్రేకు పనికిరాదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చాలా తేలికైనది, మెత్తనిది. ఉలికి వెన్నలా లొంగే ఆ గుణమే గోడగా నిలిచినప్పుడు లోపమై, లోహపు పాచిక తగిలిన ప్రతి చోటా సొట్ట పడుతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర సన్నని నారతో తరిమెన మీద అందంగా తిరుగుతుంది, కానీ అది కూడా మెతక కలపే. ట్రే గోడలకు చేవదేరిన టేకు తగినది. చేవ అంటే చెట్టు మధ్యభాగంలో, జీవక్రియ ఆగిపోయి, రంగు ముదిరి, చీడను తట్టుకునే రసాయనాలు నిండిన కలప. టేకు చేవలో సహజమైన నూనెలు, మైనం వంటి పదార్థాలు ఉండటం వల్ల అది తేమకు తక్కువగా చలిస్తుంది. అయితే ఆ నూనెలే జిగురును సరిగా పట్టనివ్వవు, దానిలోని ఇసుక వంటి సిలికా రేణువులు చిత్రిక పట్టే అలుగును త్వరగా మొద్దుబారుస్తాయి. అతికించడానికి కొద్ది సేపటి ముందు స్పిరిట్‌తో గానీ అసిటోన్‌తో గానీ ఆ చోటును తుడిస్తే జిగురు చిక్కు చాలావరకు తీరుతుంది. జిట్రేగి, ఎర్రచందనం చూపుకు ఎంత సొగసైనవైనా, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వర్తకాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఆ రెండూ ఉన్నాయి. దేశం దాటే కానుకకు వాటిని ఎంచుకోకపోవడమే మంచిది. అడవికి కూడా అది మేలు.

కలప కదలిక ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైనది, అతి తక్కువగా పట్టించుకునేది. కలపలోని కణాలు కాండం పొడవునా సాగిన సన్నని గొట్టాలు. పచ్చి చెట్టులో నీరు గొట్టాల బోలులోనూ ఉంటుంది, గొట్టాల గోడల్లోనూ ఉంటుంది. ఆరేటప్పుడు ముందు బోలులోని నీరు పోతుంది, అప్పుడు కలప పరిమాణం మారదు. కలప బరువులో సుమారు 30 శాతం తేమ మిగిలిన దశలో బోలు ఖాళీ అయి, గోడలు మాత్రం తడితో నిండి ఉంటాయి. దీన్ని నార సంతృప్త స్థితి అంటారు. అక్కడి నుంచి కిందికి పోయే ప్రతి శాతం తేమా గోడలను పలుచన చేస్తుంది, కలప కుంచించుకుపోతుంది. గొట్టాలు సన్నబడతాయి గానీ పొట్టివి కావు కాబట్టి, పొడవు వెంట మార్పు నామమాత్రం. వెడల్పులో మాత్రం రెండు రకాలు ఉన్నాయి. చెట్టు వయసు తెలిపే వలయాల వెంబడి కుంచించుకోవడం ఎక్కువ. నడిబొడ్డు నుంచి బెరడు వైపు వెళ్లే దిశలో అది తక్కువ. టేకులో పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండే వరకు మొదటి దిశలో 5.8 శాతం, రెండో దిశలో 2.5 శాతం తగ్గుదల ఉంటుంది. చాలా జాతుల కలపలో ఈ అంకెలు ఇంతకంటే ఎక్కువ.

ఆరిన కలప కూడా గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలి సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టుకోగల గరిష్ఠ ఆవిరిలో ఎంత శాతం ఉన్నదన్న కొలత, 80 శాతం ఉంటే కలప 16 శాతం తేమకు దగ్గరగా స్థిరపడుతుంది. 65 శాతం ఉంటే 12కు, 30 శాతం ఉంటే 6కు చేరుతుంది. విశాఖపట్నం వంటి తీర నగరంలో నెలల తరబడి ఉన్న టేకు పలకలో 14 శాతం తేమ ఉండటం మామూలే. అదే పలక ట్రేగా మారి, చలికాలంలో హీటర్లు నిరంతరం వెలిగే ఉత్తర అమెరికా ఇంటికి చేరితే, అక్కడి గదిలోని పొడి గాలికి 6 శాతానికి దిగుతుంది. వలయాల వెంబడి కోసిన 25 సెంటీమీటర్ల టేకు పలకలో ఒక్కో శాతం తేమకు దాదాపు అర మిల్లీమీటరు మార్పు వస్తుంది కనుక, ఈ ప్రయాణంలో దాని వెడల్పు 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అట్లాంటా, డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల స్థిరపడిన పిల్లలకు ఇక్కడి నుంచి పంపిన పీటలు, మందిరాలు మొదటి శీతకాలంలోనే నెర్రెలు విచ్చడానికి పనివాడి లోపం కంటే తరచుగా ఈ లెక్కే కారణం.

ఈ కదలికను ఆపే శక్తి ఏ మేకుకూ, ఏ జిగురుకూ లేదు. దానికి చోటు ఇవ్వడమే ఉపాయం. అడుగుకు ఒకే చెక్క పలకను వాడదలిస్తే, గోడల లోపలి వైపు గాడి తీసి, పలక అంచులను ఆ గాడిలో జిగురు లేకుండా నిలిపి, రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. తేమ ఎక్కువున్న చోట చేసి పొడి చోటికి పంపేటప్పుడు పలక గాడిలో లోతుగా దిగి ఉండటం అవసరం, లేకుంటే కుంచించుకున్నాక అంచు గాడి నుంచి బయటపడుతుంది. వలయాలకు లంబంగా కోసిన పలకను ఎంచుకుంటే కదలిక సగానికి పైగా తగ్గుతుంది. అంతకంటే సులువైన దారి ప్లైవుడ్. దానిలో ఒక పొర నారకు అడ్డంగా తరువాతి పొర నార ఉంటుంది. పొడవు వెంట కదలని గుణంతో ప్రతి పొరా తన పక్క పొరను పట్టి ఉంచుతుంది కాబట్టి పలక మొత్తం దాదాపు స్థిరంగా నిలుస్తుంది. ఫెల్ట్ కింద ఎలాగూ కనబడని అడుగుకు ప్లైవుడ్‌ను వాడటాన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు. కానుక పుచ్చుకునేవారి ఇంటి గాలిని గౌరవించే పని అది.

మూలల అతుకులు నేర్పును ఎక్కువగా కోరతాయి. రెండు పట్టీల చివరలను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలిపే మైటర్ అతుకులో చెక్క చివరి గొట్టాల నోళ్లు బయటికి కనబడవు, నార మూల చుట్టూ తిరిగినట్లు అందంగా ఉంటుంది. అయితే నాలుగు మూలలకు ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తప్పినా చివరి మూల దగ్గర 4 డిగ్రీల సందు తేలుతుంది. పాచిక ఇరుక్కోని విశాలమైన మూలల కోసం చాలామంది ఇష్టపడే ఆరు పలకల ట్రేలో కోత కోణం 30 డిగ్రీలు, కోతలు పన్నెండు, అదే పొరపాటు 6 డిగ్రీలకు పెరుగుతుంది. అందుకే కోణాన్ని కొలిచి నమ్మడం కంటే, పనికిరాని చెక్కతో ముందుగా మొత్తం చట్రం ఒకసారి కోసి కూర్చి, సందు ఎటు వైపు విచ్చుతున్నదో చూసి రంపాన్ని సరిదిద్దడం అనుభవజ్ఞుల పద్ధతి. ఎదురెదురు పట్టీల పొడవు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఉండాలి. దానికి టేపు పనికిరాదు, రంపం దగ్గర ఒక అడ్డుచెక్క బిగించి రెండింటినీ దానికి ఆనించి కోయాలి.

ఇక్కడా తేమ లెక్క వర్తిస్తుంది. చిత్రపటం చట్రంలా పట్టీలను బల్లపరుపుగా పడుకోబెట్టి కలిపితే, వెడల్పాటి పట్టీ కుంచించుకున్నప్పుడు దాని కోత కోణం 45 కంటే తగ్గి, మూల లోపలి వైపు విచ్చుకుంటుంది. ఉబ్బినప్పుడు బయటి వైపు విచ్చుకుంటుంది. ట్రే గోడల్లో పట్టీలు నిలువుగా నిలుస్తాయి గనుక, మూలను కదిలించేది పన్నెండు పదిహేను మిల్లీమీటర్ల మందం మాత్రమే. గోడల ఎత్తు కూడా మారుతుంది గానీ అన్ని గోడలూ ఒకే దుంగ నుంచి ఒకే తీరుగా కోసినవైతే అన్నీ సమానంగా మారతాయి. ఒకే పలక నుంచి వరుసగా పట్టీలను తీయడంలోని అసలు లాభం ఇదే. నార మూలల మీదుగా కలిసిపోయి కనిపించడం దానితో వచ్చే అందం.

తెల్ల జిగురుగా అందరికీ తెలిసినది నీటిలో తేలే పాలీవినైల్ అసిటేట్ కణాల మిశ్రమం. నీటిని కలప పీల్చుకోగానే ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసి గట్టి పొరగా మారతాయి. పట్టీలను పొడవాటి అంచుల వెంట అతికిస్తే ఆ అతుకు కలప కంటే బలంగా ఉంటుంది, విరగ్గొడితే పక్కన కలపే విరుగుతుంది. మైటర్‌లో మాత్రం నారను ఏటవాలుగా తెగ్గోయడం వల్ల గొట్టాల నోళ్లు తెరుచుకుని జిగురును లోపలికి లాగేస్తాయి, పైన పొర పలుచబడుతుంది. ముందు ఒక పలుచని పూత రాసి అది కొంచెం ఇంకిన తరువాత రెండో పూత రాసి బిగించాలి. ఆరిన తరువాత మూలకు అడ్డంగా రంపంతో సన్నని గంట్లు పెట్టి, వాటిలో వేరే రంగు కలప బిళ్లలను జిగురుతో దిగ్గొడితే, వాటి నార మూలను దాటి రెండు పట్టీలనూ పొడవు వెంట పట్టి ఉంచుతుంది.

గరుకు కాగితంతో 120, 180, 240 అంకెల వరుసలో రుద్ది నునుపు చేసిన తరువాత వేసే పూత తేమను నెమ్మదింపజేస్తుందే గానీ ఆపదు. ఒక వైపే పూత వేస్తే రెండు వైపులా తేమ వేర్వేరు వేగాలతో మారి పలక వంగిపోతుంది, కాబట్టి కనబడని భాగానికి కూడా పూత వేయాలి. లక్క పురుగు స్రవించే పదార్థం నుంచి తీసిన షెల్లాక్‌ను స్పిరిట్‌లో కరిగించి రాస్తే త్వరగా ఆరి వెచ్చని రంగునిస్తుంది, కానీ వేడి గిన్నెకు, మద్యం చుక్కకు మచ్చపడుతుంది. అవిసె నూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది; ఆ చర్యలో వేడి పుడుతుంది. అందువల్ల నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకోగలవు. వాటిని విప్పి ఆరుబయట పరచడమో నీటిలో ముంచి ఉంచడమో మరువరాని జాగ్రత్త.

ఇదే ట్రే గవ్వలకు కూడా పనికొస్తుంది. అష్టాచెమ్మ ఆడేవారు నాలుగు గవ్వలను నేల మీద వేసినప్పుడు ఎన్ని నోరు పైకి పడ్డాయో దాన్ని బట్టి పావులు నడుపుతారు. గవ్వ ఒక వైపు ఉబ్బెత్తుగా, ఒక వైపు బల్లపరుపుగా ఉండే వస్తువు కనుక రెండు వైపులా పడే సంభావ్యత సమానం కానక్కరలేదు. అది గవ్వ ఆకారంతో పాటు అడుగు మెత్తదనాన్ని బట్టి కూడా మారుతుంది. పలుచని ఫెల్ట్ మీద బాగా ఆడిన గవ్వలు దళసరి జంపఖానా మీద వేరే లెక్క చూపితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ట్రే పక్షపాతం లేకుండా పనిచేస్తున్నదో లేదో కానుక ఇచ్చేముందు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఆరు ముఖాల పాచికను అందులో 600 సార్లు విసిరి ఒక్కో అంకె ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోవాలి. ప్రతి అంకె 100 సార్లు రావాలని ఆశిస్తాం గానీ, తొమ్మిది పది అటూ ఇటూ కావడం సహజం. ప్రతి అంకెకూ వంద నుంచి ఉన్న తేడాను వర్గం చేసి, వందతో భాగించి, ఆ ఆరింటినీ కూడితే పియర్సన్ చెప్పిన కై-వర్గ విలువ వస్తుంది. 112, 93, 104, 88, 107, 96 అని వచ్చాయనుకుంటే ఆ విలువ 4.18. నిష్పాక్షికమైన పాచికకు ఈ విలువ 11.07ను దాటే అవకాశం నూటికి అయిదు మాత్రమే గనుక, అంతకు మించితే అనుమానించాలి. అప్పుడు ముందు పాచికను మార్చి గట్టి బల్ల మీద మళ్లీ లెక్కించాలి. బల్ల మీద సరిగా ఉన్న పాచిక ట్రేలోకి రాగానే తప్పుతూ ఉంటే అడుగు మెత్తదనం ఎక్కువైనట్లు. ఫెల్ట్‌ను తీసి పలుచనిది వేయాలి. అందుకు వీలుగా ఫెల్ట్‌ను చట్రానికి కాక, విడిగా తీయగలిగే పలుచని అట్టకు అంటించి ట్రేలో దించడం మేలు.